నీళ్లు తెచ్చిచ్చిన మనిషి పేరేమిటి?

ఐర్లండ్, బ్రిటన్‌ల రాజకీయ చరిత్ర చదివినప్పుడల్లా నాకు అడుగడుగునా ఒక స్త్రీ కనిపిస్తుంది. అయితే ఆమె మనిషి కాదు, రూపకం. 1801 జనవరి 1న అమల్లోకి వచ్చిన యూనియన్ చట్టం డబ్లిన్ పార్లమెంటును రద్దు చేసి ఐర్లండ్‌ను బ్రిటన్‌లో కలిపేసింది. ఆనాటి చర్చల్లో ఈ కలయికను పెళ్లితో పోల్చారు. వరుడెవరో, వధువెవరో వేరే చెప్పక్కర్లేదు. 1975లో సీమస్ హీనీ 'నార్త్' సంపుటిలో ఆ చట్టం పేరుతోనే కవిత రాసి, ఆ పెళ్లి వెనకున్న బలాత్కారాన్ని బయటపెట్టాడు. కానీ అందులో మాట్లాడేది మగ ఇంగ్లండే. గర్భం మోసే ఐర్లండ్ నొప్పిని కూడా అతనే చెబుతాడు.

వలసపాలకుల సంగతి సరే, తిరగబడ్డవాళ్లు ఏం చేశారు? 1902లో డబ్లిన్‌లో ప్రదర్శించిన 'కేథలీన్ నీ హూలిహన్' నాటకంలో ఐర్లండ్ ఒక ముసలామె. తన నాలుగు పొలాల్నీ పరాయివాళ్లు లాక్కున్నారని చెప్పి, తెల్లవారితే పెళ్లి కావాల్సిన యువకుణ్ణి 1798 తిరుగుబాటుకు పిలుచుకుపోతుంది. చివర్లో రాణిలా నడిచే పడుచుపిల్లగా మారిపోతుంది. వదిలేసిన పెళ్లికూతురు డెలియా గురించి దేశానికి పట్టదు. ఈ నాటకం డబ్ల్యు.బి. యేట్స్ పేరుమీదే వెలువడింది. రాతప్రతుల్ని పరిశీలించిన పరిశోధకులు సంభాషణల్లో అధికభాగం లేడీ గ్రెగరీ రాసిందని 1980ల్లో చూపించారు. దేశమాతను సృష్టించిన స్త్రీకే రచయిత్రిగా పేరు దక్కకపోవడాన్ని యాదృచ్ఛికం అనుకోగలమా?

1916 ఈస్టర్ తిరుగుబాటు ముగింపులో తెల్లజెండా పట్టుకుని కాల్పుల వీధిలోకి నడిచింది నర్సు ఎలిజబెత్ ఓఫారెల్. లొంగుబాటు ఫొటోలో ఆమె పాట్రిక్ పియర్స్ పక్కనే ఉంది, కానీ కనిపించేవి పాదాలూ, దుస్తుల అంచూ మాత్రమే. తర్వాత అచ్చయిన కొన్ని ప్రతుల్లో ఆ పాదాలు కూడా చెరిపేశారు! 1937 రాజ్యాంగం 41వ అధికరణం స్త్రీ ఇంట్లో గడిపే జీవితం ద్వారా దేశానికి అండగా నిలుస్తుందని గుర్తించింది. ఆ వాక్యాన్ని మార్చే ప్రతిపాదన 2024 మార్చి 8 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో ఓడిపోయింది. కొత్త వాక్యం కూడా సంరక్షణ భారాన్ని కుటుంబం మీదే వదిలేస్తోందన్న విమర్శ ఆ ఓటమి కారణాల్లో ఒకటి.

ఈ నేపథ్యంలో ఈవన్ బోలండ్ (1944-2020) నాకు ముఖ్యమైన కవయిత్రి. రాయబారి కూతురిగా ఆమె బాల్యం కొంత లండన్‌లో గడిచింది. అక్కడి బడిలో ఐరిష్ పలుకుబడి దొర్లినందుకు టీచరు మందలించిన అనుభవాన్ని కవితగా రాసుకుంది. 1989 నాటి తన వ్యాసంలో జాతీయ కవిత్వం స్త్రీని అలంకారంగా కుదించిందని నిలదీసింది. ఆ వ్యాసం అకిల్ దీవిలో మొదలవుతుంది. కాలేజీ రోజుల్లో ఒక ఫ్రెండ్ కుటీరంలో ఉండగా, నీళ్లు తెచ్చిచ్చే పెద్దామె ఆమెకు కరువు గురించి చెప్పింది. కరువు గురించి తనతో అంత బలంగా మాట్లాడిన మొదటి మనిషి ఆమేనంటుంది బోలండ్.

1845-52 నాటి ఆ కరువులో దాదాపు పదిలక్షలమంది చనిపోయారు, ఇంచుమించు అంతమందీ వలసపోయారు. ఆహారం మాత్రం ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉంది. అప్పుడు లండన్ ఖజానాశాఖలో కూర్చుని సహాయాన్ని బిగబట్టిన చార్లెస్ ట్రెవెల్యన్, 1859లో మన జిల్లాలు కూడా ఉన్న మద్రాసు రాష్ట్రానికి గవర్నరై వచ్చాడు. ఆ పెద్దామె మాట మనకంత దూరపుది కాదు.

అదే సంఘటన మీద రాసిన 'ది అకిల్ ఉమన్' కవితలో నన్ను నిలిపేసే తేడా ఒకటుంది. కవితలో పెద్దామె కరువు ఊసెత్తదు. మాటలన్నీ చదువుకున్న అమ్మాయివే. చీకటి పడ్డాక ఆ అమ్మాయి లోపలికెళ్లి ఇంగ్లండు ఆస్థానకవుల పాఠ్యపుస్తకం తెరుస్తుంది. స్వతంత్ర ఐర్లండ్ కాలేజీలో సిలబస్ రూపంలో సామ్రాజ్యం ఇంకా కూర్చునే ఉందన్నమాట.

ఈ మౌనాన్ని ఎలా చదవాలి? పెద్దామె నోట్లో మాటలు పెట్టి మరో కేథలీన్‌ని చెయ్యకూడదన్న జాగ్రత్త అనుకోవచ్చు. దాన్ని నేను గౌరవిస్తాను. అలంకారంగా మారడానికి ఒప్పుకోని స్త్రీ ఆమె. చేతుల్లో నీళ్ల బకెట్టు, నడుముకు చుట్టుకున్న తుడిచే గుడ్డ, ఒంట్లో ఆనాటి పని అలసట. కానీ జాగ్రత్తకు కూడా ఒక ఖరీదుంది. వ్యాసంలో దొరికిన గొంతు కవితలో పోయింది, పేరు రెండుచోట్లా లేదు. దేశమాతను తిరస్కరించిన కవిత్వం కూడా ఆ పనిచేసే స్త్రీని తన మేల్కొలుపుకు నిమిత్తంగానే మిగిల్చిందేమో!

అందుకే ఆ కవితనీ వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టి చదవాలంటాను. కవితలో అమ్మాయి ఆ రాత్రి పుస్తకం తెరిచింది. కరువు చరిత్ర అప్పటికే గుమ్మందాకా వచ్చి, బకెట్టు దించి, తిరిగి కొండ దిగిపోయింది.