మైనం మీద మెట్లు, రెసిన్‌లో పెట్టెలు

కోత పట్టుమని ఒక్క నిమిషం పట్టలేదు. దానికోసం మాత్రం రెండు శనివారాలు పోయాయి. ఈ వారం కాలమిస్టుకి ఒళ్లు మండింది అక్కడే.

శాన్‌డియేగోలో మేనల్లుడి ఇల్లు. కారు ఉండాల్సిన షెడ్డులో రెండు స్టాండ్ల మీద వెల్లకిలా ఓ సర్ఫ్‌బోర్డు. చేతి పని కళ్లారా చూడొచ్చని కాలమిస్టు కాఫీ గ్లాసుతో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెల్లటి ఫోమ్ దిమ్మని కుర్రాడు చిత్రికతోనూ గరుకు కాగితంతోనూ చేప ఒంటిలా నున్నగా తీర్చుకొచ్చాడు. అంతవరకూ ముచ్చటగానే ఉంది. తోక దగ్గర ఫిన్ బాక్సులకి, అంటే బోర్డు అడుగున రెక్కలు బిగించే పెట్టెలకి, గాళ్లు తవ్వే వేళకి మాత్రం ఉలి లేదు, సుత్తి లేదు. నడుమ పొడుగాటి కంత ఉన్న ఒక ఎండీఎఫ్ పలక బయటికొచ్చింది.

"ఇదేంట్రా?"

"జిగ్, మావయ్యా. రౌటర్ ఈ కంత గోడల్ని రాసుకుంటూ తిరుగుతుంది. ఇంతకు మించి ఎటూ పోలేదు."

"అచ్చు అని చెప్పు."

ఈ కాలమ్ వదలకుండా చదివేవాళ్లకి ఆ ఒక్క మాట ఎలాంటి గొంతుతో పడి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. సంక్రాంతికి ముగ్గు గొట్టాల మీద, పెళ్లిళ్లలో గోరింటాకు అట్టల మీద ఇక్కడ కురిసిన నిప్పులు తక్కువేం కాదు. కజ్జికాయల చెక్కని కూడా అదే గాటన కట్టేసినప్పుడు పాఠకురాళ్లు రాసిన ఉత్తరాలు ఇప్పటికీ సొరుగులో ఉన్నాయి. చెక్క లేకుండా వంద కజ్జికాయలు ఒత్తి చూపించమన్నావిడకి ఈనాటికీ జవాబు వెళ్లలేదు.

ఇంతకీ రౌటర్ అంటే నిమిషానికి 20,000 చుట్లకు పైగా తిరిగే కత్తి. చేత్తో పట్టుకుని ఫోమ్ మీద వదిలితే దాని ఇష్టం దానిది. అందుకే జిగ్. పలకని రెండు పక్కలా అంటే టేపుతో బోర్డుకి అతికిస్తారు. బిట్ మీద ఉన్న చిన్న బేరింగ్ కంత గోడని పట్టుకుని నడుస్తుంది. కంత లోపల గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిప్పాలి. ఎదురు తిప్పితే కత్తి గోడని వదిలేసి తనే పరుగు తీస్తుంది. కోతలు రెండు. పెట్టె అంచు కూర్చునేందుకు వెడల్పుగా, పైపైన ఒకటి. పెట్టె ఒళ్లు దిగేందుకు ఇరుకుగా, లోతుగా ఇంకొకటి. పక్క ఫిన్ల దగ్గర ఉన్నదంతా ఫోమే కాబట్టి వెన్నలా తెగుతుంది. నడిమి ఫిన్ దగ్గర మాత్రం బోర్డు వెన్నెముకలాంటి చెక్క పట్టీ అడ్డొస్తుంది. మెత్తన, గట్టి, మళ్లీ మెత్తన. చెయ్యి బిగువుగా లేకపోతే రౌటర్ అక్కడే ఎగురుతుంది.

ఇంత హంగామా ఎందుకంటే, ఒకప్పుడు సర్ఫ్‌బోర్డుకి ఫిన్ అన్నదే లేదు. కాలు నీళ్లలో ఈడ్చి మలుపు తిప్పేవాళ్లు. 1935లో వైకీకీ తీరాన టామ్ బ్లేక్ అనే ఆయన, ఎవరో వదిలేసిన స్పీడ్‌బోటు అడుగునున్న లోహపు రెక్క ఊడదీసి తన బోర్డుకి బిగించాడు. తోక జారడం ఆగింది. 1980లో ఆస్ట్రేలియాకి చెందిన సైమన్ ఆండర్సన్ ఒకే కొలతవి మూడు ఫిన్లు పెట్టి, మరుసటి ఏడాది బెల్స్ బీచ్ పోటీ గెలిచాడు. ఇవాళ ఎక్కడ చూసినా ఆ మూడే. మొదట్లో ఫిన్లని గాజునారతో, రెసిన్‌తో బోర్డుకే శాశ్వతంగా అతికేవాళ్లు. విమానంలో సామాన్ల కింద పడి ఒక ఫిన్ విరిగిందంటే తోక కూడా చీలేది. ఊడదీసుకునే ఫిన్లు, వాటికి పెట్టెలు అందుకే వచ్చాయి.

ఇదంతా విన్నాక కూడా కాలమిస్టు మెత్తబడలేదు. ఆయన మనసు అప్పటికే విజయనగరం ఇంటి వీధిగదికి వెళ్లిపోయింది.

ఆ గదిలో అక్కయ్య వీణ ఉండేది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసకర్రతో చేసింది. దాని మీద 24 మెట్లు. మేకు లేదు, మర లేదు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి కాచి, దండి పొడవునా రెండు గట్లు కట్టి, వాటి మీద కూర్చోబెట్టినవి. రోహిణి కార్తె వచ్చిందంటే ఆ మైనం మెత్తబడేది. మెట్లు వెంట్రుకవాసి జరిగేవి. అక్కయ్య గాంధారం దగ్గర మొహం చిట్లించేది. అప్పుడు మేళం కట్టే ఆయన్ని పిలిపించేవాళ్లు.

ఆయన సంచీలో కొలబద్ద ఉండేది కాదు. కాల్చిన ఇనప చువ్వతో మైనాన్ని కాస్త కరిగించి, మెట్టుని వేలి కొసతో నెట్టి, తీగ మీటి, తల వంచి వినేవాడు. మళ్లీ నెట్టేవాడు. మళ్లీ వినేవాడు. ఒక్కో మెట్టుకి ఎన్నిసార్లో! మధ్యాహ్నం అమ్మ వడ్డించిన ఆవకాయ అన్నం తిని, చెయ్యి కడుక్కుని, పొద్దున వదిలిన మెట్టు దగ్గరే కూర్చునేవాడు. పక్కనే గొంతుక్కూచుని చూస్తున్న పదేళ్ల కాలమిస్టు ఒకసారి అడిగాడు, ఒక్కసారే గట్టిగా బిగించేస్తే పోదా అని. "తీగ మారిపోద్ది బాబూ, ఎండ మారిపోద్ది, వాయించే చెయ్యి మారిపోద్ది. మెట్టు కదలనంటే ఎలాగ?" అన్నాడాయన.

అచ్చుల మీద ఈ కాలమ్ పగకి మూలం ఆ మధ్యాహ్నమే. షెడ్డులో ఈ కథంతా చెప్పి, గెలిచినట్టు కాఫీ గుక్కెడు తాగాడు కాలమిస్టు.

"అమ్మ వీణకి మైనం ఉంది మావయ్యా," అన్నాడు మేనల్లుడు. "నాకున్నది రెసిన్."

గాడిలో రెసిన్ పోసి, పెట్టె దింపి, అది తేలకుండా పైన టేపు వేసి వదిలేస్తారు. తెల్లారేసరికి రాయి. ఆ మీద గాజుబట్ట పరిచి మళ్లీ రెసిన్. ఒక పక్క పెట్టె రెండు మిల్లీమీటర్లు వంకర తిరిగిందంటే వేలితో నెట్టడానికి లేదు, కరిగించడానికి లేదు. తవ్వి తియ్యాల్సిందే. ఇలాంటి చోట చెవిని నమ్ముకుంటానంటే వినేలోపే గడ్డకట్టిపోతుంది.

"పైగా," అంటూ కుర్రాడు గూట్లోంచి ఓ రేకు డబ్బా దించాడు. అందులో ఐదారు జతల ఫిన్లు. చిన్న అలకి ఒకటి, పెద్ద అలకి ఒకటి, బరువైన మనిషికి వేరొకటి. "ఇవన్నీ మార్చుకోడానికేగా ఆ పెట్టె!"

మేళం కట్టే ఆయన మాటే అది. అల మారిపోద్ది, ఎక్కే మనిషి మారిపోతాడు. కాలమిస్టు గ్లాసు కింద పెట్టాడు.

అయినా జిగ్‌కి తెలిసింది గాడి ఆకారమే. అది ఎక్కడ పడాలో దానికి తెలీదు. తప్పు చోట అతికిస్తే తప్పు చోటే చక్కగా తవ్వి పెడుతుంది. రెండో శనివారం సగం పోయింది ఆ చోటు వెతుకులాటకే. పక్క ఫిన్ల వెనక కొస తోక నుంచి సుమారు 11 అంగుళాలు, అంచు నుంచి అంగుళంపావు. ముందు కొస పావు అంగుళం లోపలికి తిరిగి ముక్కు వైపు చూడాలి. పెన్సిల్ చుక్కలు పెట్టాక కుర్రాడు ముక్కు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఒక కన్ను మూశాడు.

"ఎడమది లోపలికి లేదూ?"

కాలమిస్టు కంటికీ అలాగే తోచింది. టేపు పట్టి ముక్కు నుంచి రెండు చుక్కలకీ కొలిస్తే సమానం. నడిమి పట్టీ నుంచి కొలిచినా సమానం. అంచు నుంచి కొలిస్తే ఎడమ పక్క మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. చేత్తో తీర్చిన బోర్డు కదా, అటువైపు కాస్త బొద్దుగా మిగిలిపోయింది. కుర్రాడు చుక్కని ముట్టుకోలేదు. గరుకు కాగితం తీసి ఆ అంచునే రుద్దడం మొదలెట్టాడు. ఆ తర్వాత జిగ్ అతికించాడు. ఒక తుక్కు ఫోమ్ ముక్క మీద లోతు సరిచూసుకున్నాడు. ఆ మీదటే ఆ నిమిషం కోత.

రాత్రి కాలమిస్టు విజయనగరానికి ఫోన్ చేశాడు. ఎండలకి వీణ పై మెట్లు నాలుగు జరిగాయట. మేళం కట్టే ఆయన పోయి చాన్నాళ్లయింది, ఈసారి ఆయన మనవడు వస్తానన్నాడట.

"ఫోన్లో ఏదో పెట్టుకుని, ముల్లు చూసి శ్రుతి సరిచేస్తాడటరా," అంది అక్కయ్య.

కిందటి వారమైతే ఆ ముల్లు మీదే ఒక కాలమ్ పడేది.

"ముల్లు చూస్తాడా, మీటి వింటాడా?"

"రెండూనట."