కల్పిత వీరుని చేతి కత్తి

జంషెడ్‌పూరునందలి గోల్‌మురి, తగరపు రేకుల కర్మాగారమును ఆశ్రయించి పెరిగిన పేట. ఆ కంపెనీ 1920లో ఏర్పడినది. 1929లో అచట జరిగిన సమ్మె మన కార్మికోద్యమ చరిత్రలో ప్రసిద్ధము. ఉక్కు పనిని వెదకికొనుచు ఈ ఊరికి తరలివచ్చిన తెలుగువారి మనుమలును, మునిమనుమలును నేడిచట నున్నారు. వారిలో ఒక యువకుడు తాను వ్రాయ తలపెట్టిన జానపద నవలకై ముందుగా పాత్రల బొమ్మలు గీచికొని, వానిని నాకు చూపెను. నాయకుడు ఆజానుబాహుడు. వీపున మనిషియెత్తు కత్తి. “ఈ కత్తి ఎక్కడిది నాయనా?” అని అడిగితిని. “ఊహ గదండీ!” అనెను.

తరచి చూచినచో అది ఊహ కాదు. పరదేశపు బొమ్మలలో, ఆటలలో పదే పదే చూచినది కన్నులకు అలవాటై, ఊహయను పేరు ధరించినది. వీపునుండి కత్తి దూయువాడు తన చేయి చాచినంత మేరకే దానిని వెలికి లాగగలడు. ఒర అంతకంటె పొడవైనచో కత్తి లోపలనే చిక్కుకొనును. శత్రువు అంతవఱకు ఆగడు. బరువు మాటయు నట్టిదే. ఒంటిచేతి కత్తి, మనదైనను ఐరోపాదైనను, సామాన్యముగ ఒకటి ఒకటిన్నర కిలోలకు మించి తూగదు. మోయలేని కత్తిని మోయుటయే వీరత్వమని తలచు రచయిత, మోసిన పిదప దానిని త్రిప్పవలసియుండునను సంగతి మఱచుచున్నాడు.

ఇది ఆ యువకుని ఒక్కని దోషము కాదు. 1947లో పుట్టిన చందమామయు, 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రమును మన జానపద కల్పనకు నవీన రూపము నిచ్చినవి. దాసరి సుబ్రహ్మణ్యముగారు తోకచుక్క మొదలుకొని వరుసగా వ్రాసిన ధారావాహికలును, వానికి ‘చిత్రా’గారు గీచిన బొమ్మలును ఎందఱో బాలకుల మనస్సులలో కోటలు కట్టినవి. తెరపై కాంతారావుగారికి కత్తి ఇంటిపేరే అయినది. అయినను ఆ కథలతో పెరిగిన మనకు కోట గుర్తున్నది, గుహ గుర్తున్నది, మాంత్రికుని గడ్డము గుర్తున్నది. కత్తి యేవిధముగ నుండెనో గుర్తు లేదు. కత్తి యనిన కత్తి. అంతే.

మన వాఙ్మయమునకు ఈ దారిద్ర్యము పుట్టుకతో వచ్చినది కాదు. అమరకోశము ఖడ్గమునకు పేర్లు చెప్పుచు నిస్త్రింశము, కౌక్షేయకము, మండలాగ్రము, కరవాలము, కృపాణము అని వరుసగా చదివించును. బాల్యమున వల్లించిన మనము ఇవి యన్నియు ఒక్కటే యనుకొంటిమి. పేరును విప్పి చూచినచో, నిస్త్రింశము ముప్పది అంగుళములకు మించినది. కౌక్షేయకము కుక్షిని, అనగా నడుమును, అంటియుండునది. ఒకటి కొలత, రెండవది ధరించు తావు. కౌటిల్యుని అర్థశాస్త్రము మఱింత స్పష్టముగ నిస్త్రింశమును, మండలాగ్రమును, అసియష్టిని మూడు వేఱు ఖడ్గములుగ లెక్కించినది. పిడులు ఖడ్గమృగము కొమ్ముతో, మహిషపు కొమ్ముతో, ఏనుగు దంతముతో, కొయ్యతో, వెదురు మూలముతో చేయవలెనని గూడ వ్రాసినది. ఆయుధాగారాధ్యక్షునకు మూడైనవి నిఘంటుకారునకు ఒకటైనవి. పిదప కవులు గణమునకు సరిపోయినదానిని సరిపోయినచోట వాడిరి. ఛందస్సు మనకు చేసిన మేలెంతో కలదు. ఈ అపకారమును కొంత కలదు.

కల్పనాకథకు ఇంత పరిశోధన యేల, అది చరిత్ర కాదు గదా యని అడుగువారుందురు. చరిత్ర కాదు, నిజమే. కాని ఆయుధము పాత్రకు నగవంటిది కాదు. అది పాత్ర దేహమునకు వ్యాకరణము. కఠారిని చూడుడు. దాని పిడి కత్తిపిడివలె నుండదు; రెండు పట్టీల నడుమ అడ్డముగ నున్న కమ్మిని పిడికిటితో పట్టవలెను. కావున పోటు మణికట్టునుండి గాక భుజమునుండియు, దేహభారమునుండియు వచ్చును. కఠారి పట్టినవాడు శత్రువునకు మూరెడు దూరమునకు చేరవలెను. అట్లు చేర తెగించువాడో, చాటుగ చేరువాడో, నమ్మించి చేరువాడో, పాత్ర స్వభావము అచటనే తేలిపోవును. తల్వారు సంగతి వేఱు. దాని పిడి చివర బిళ్ళయుండి మణికట్టును స్వేచ్ఛగ వంగనీయదు. దానితో పొడుచుటకంటె భుజమునుండి వేసి, కోసి లాగుట సులభము. మన తెరవీరులు తల్వారుల మొనలను ఠింగుఠింగుమని తాకించుచు చేయు యుద్ధము ఐరోపా వ్యాయామశాలలనుండి దిగుమతియైనది.

కల్పిత రాజ్యమునకు శకము లేదు గనుక కాలదోషము పట్టదని యొక వాదము. శకము లేకున్నను పొందిక యుండవలెను. వంకర కత్తి ప్రధానముగ గుఱ్ఱపు రౌతుల వెంట వ్యాపించినది. అది మీ నాయకుని చేతికి వచ్చెనా, రాజ్యములో గుఱ్ఱములుండవలెను. గుఱ్ఱములుండెనా, వానిని అమ్మవచ్చు వర్తకులుండవలెను. విజయనగర ప్రభువులు పోర్చుగీసువారితో చెలిమి చేసినది ఈ గుఱ్ఱముల కొఱకే గదా! ఒక్క కత్తి వంకరలో ఒక రాజ్యపు విదేశాంగ నీతి యిమిడియున్నది. పరిశోధన ఊహను బంధించునను భయమును అనవసరము. 2015, 2017 సంవత్సరములలో వచ్చిన బాహుబలి చిత్రములలో భల్లాలదేవుని రథమునకు ముందు తిరుగు కత్తులను చూచి ఎంత విపరీత కల్పన యని పలువురు విస్తుపోయిరి. అజాతశత్రువు యుద్ధమున సారథి లేకయే తిరుగుచు సేనలను మర్దించిన రథముసలమును జైనాగమములు ఏనాడో చెప్పినవి. పరిశోధించినచో ఊహకంటె విపరీతమైనవే దొరకును.

ఆయుధము దేహమును దిద్దునను మాటకు గోల్‌మురి వారికి చేరువలోనే ప్రత్యక్ష ప్రమాణము కలదు. సరాయికేలా ఛౌ నృత్యమునకు పునాది ‘పరీఖండా’ అను సాధన. పరి యనగా డాలు, ఖండా యనగా కత్తి. ఖర్కాయీ నది యొడ్డున ఈ సాధన చేసి పదును పొందిన దేహమే చైత్రపర్వమున దేవతయై, మృగమై, నావికుడై ఆడును. నర్తకుని ముఖమును ముసుగు పూర్తిగా కప్పివేయును. కన్ను పలుకదు, పెదవి కదలదు. అయినను పాత్ర యెవరో తెలియుచున్నది. అడుగు వేయు తీరు చెప్పుచున్నది, డాలు లేని యెడమచేయి డాలును తలచికొను తీరు చెప్పుచున్నది. విచిత్రమేమన, ఆ కత్తిసాము నుండి పెరిగిన నృత్యములోనే పేడ కలుపుట, అంట్లు తోముట వంటి యింటిపనుల కదలికలును చేరియున్నవి. మన జానపద నవలలోని వీరునకు గాని, రాణికి గాని ఇట్టి దేహము కలదా? ముఖమును కప్పి చూచినచో వారిలో నెవరిని గుర్తింపగలము?

ఇక మన నేలమీద వెదుకదలచినవానికి ఆధారములకు కొదువలేదు. శ్రీశైలము ప్రాకారపు గోడలు సైనికులతో, వేటకాండ్రతో నిండియున్నవి. ఆయుధమెట్టిదో మాత్రమేగాక, దానిని పట్టిన చేయి యెట్లుండునో శిల్పి చూపినాడు. ఊరూర వీరగల్లులు కలవు. కారెంపూడిలో కార్తీకమాసపు టుత్సవమున పల్నాటి వీరుల ఆయుధములకు నేటికిని పూజ జరుగుచున్నది. బ్రహ్మనాయుని కుంతము, కన్నమదాసు భైరవఖడ్గము అని ఆయుధమునకు పేరు పెట్టి, దానిని మనిషితో సమానముగ స్మరించు సంప్రదాయమది. చిత్రశాలలోని అద్దపు బీరువాలో నున్న కత్తినుండి కొలతలు నేర్వవచ్చును; అది మనిషికి ఏమి కావలెనో కారెంపూడికి పోయి నేర్వవలెను.

అయితే ఈ పరిశోధన యంతయు కత్తితోనే ఆగిపోయినచో సగమే. కత్తి చేసినవాడెవడు? నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో ఉక్కు తీయు విధమును చూచి హెన్రీ వాయిసీ వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయినది. ఆ ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు స్వయముగ వచ్చి, పని జరుగుచుండగ దగ్గఱ కూర్చుండెడివారట. ఇనుమును మట్టిమూసలో మూసి కాల్చి, తొందరపడక చల్లార్చెడివారు. కత్తిపై నీటి అలలవలె కనబడు చారలు ఆ ఓపిక ఫలమే. పాశ్చాత్యులు దానిని ‘వూట్జ్’ అనిరి. అది మన ‘ఉక్కు’ మాటకు వికృతియని పలువురి అభిప్రాయము. ప్రపంచమునకు ఉక్కును, దాని పేరును ఇచ్చిన భాషలోని జానపద నవలలలో కత్తి గుహలో దొరకును, ముని యిచ్చును, దేవత యిచ్చును. కమ్మరి యిచ్చిన కత్తి నాకు కనబడలేదు.

ఝార్ఖండునందు నేతర్‌హాట్ పీఠభూమిపై అసురులను పేరుగల గిరిజనులు కలరు. రాతినుండి ఇనుము తీయుట వారి పూర్వుల వృత్తి. ముండాలు చెప్పికొను కథయొకటి యున్నది. అసురులు రేయింబవళ్ళు కొలుములు మండించుచుండగ ఆ సెగకు లోకము తల్లడిల్లెను. సింగబోంగా పుండ్లు పడిన బాలుని రూపమున వచ్చి, కొలిమిలో దిగిన బంగారము దొరకునని వారిని నమ్మించెను. మగవారందఱు కొలిమిలోనికి దిగిరి. తిత్తులూదినవారు వారి భార్యలే. ఇంతకంటె భయంకరమైన కల్పన యే మాయాద్వీపపు కథలోనున్నది? కథానాయకునకు కత్తి కావలెను, కత్తికి ఇనుము కావలెను. ఇనుము తీసినవానికి మాత్రము మన బొమ్మలలో కోరలు మొలిపించితిమి.

గోల్‌మురిలో పుట్టి పెరిగియు ఆ యువకుడు ఈ కథను వినియుండలేదు. చెప్పితిని. బొమ్మల కట్టను చుట్టి పెట్టి, కొంతసేపు మాటాడక కూర్చుండెను. పిదప, కొలిమితిత్తిని ఏ తోలుతో చేయుదురని అడిగెను.