పాటలో హసన్ ఎక్కడ?

మా ఊరి పేరు హసన్‌పర్తి. ముందు సగం ఇమాం హసన్‌ను గుర్తుచేసే పేరు. వెనక సగం తెలుగునేల మీద చాలా ఊళ్ల చివర వినబడే మాట. కాజీపేట నుంచి బల్హార్షా వైపు పోయే రైల్లోంచి హసన్‌పర్తి రోడ్ స్టేషన్ బోర్డు చదివే వాళ్లకు అందులో వింతేమీ కనబడదు. ఇంట్లో అమ్మీ, గడప దాటితే అక్కా, బాపూ. మాకు రెండు భాషలు రెండు పూటల అన్నం లాంటివి. అదే పని ఒక పాట చేస్తే మాత్రం ‘ప్రయోగం’ అంటారు, ‘ఫ్యూజన్’ అంటారు, చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లతోనే నా పేచీ.

ఒక గిటారు, కొద్దిమంది శ్రోతలు, మైకు ఉన్నా లేనట్టే ఉండే చిన్న కచేరీలు ఇప్పుడు మన దగ్గరా జరుగుతున్నాయి. బంజారాహిల్స్‌లో 2010లో తెరిచిన లామకాన్ లాంటి చోట్లు అలాంటి వాటికి నీడనిచ్చాయి. మొదటి సగం మాటల్లేని గిటారు, రెండో సగం రెండు భాషల జానపద పాప్ పాటలు. ఈ కూర్పును తూచడానికి నేను రెండు రికార్డులు పక్కపక్కన పెట్టుకుంటాను.

ఒకటి విశ్వమోహన్ భట్, రై కూడర్ కలిసి వాయించిన ‘ఎ మీటింగ్ బై ద రివర్’. 1992లో కాలిఫోర్నియాలోని ఒక చర్చిలో రికార్డు చేశారు. 1993లో విడుదలైంది, 1994లో గ్రామీ వచ్చింది. భట్‌ది తరఫ్ తీగలు జోడించి మార్చుకున్న గిటారు. కూడర్‌దీ తీగ మీద జారే వాయింపే. ఒకరి స్వరం ఆగిన చోట రెండోవాడు అందుకుంటాడు. వింటుంటే హాయి. మాటల్లేని చోట ఎవరూ నన్ను ‘ముస్లింవైనా నీ తెలుగు బాగుందే’ అని మెచ్చుకోరు కదా! కాకపోతే ఈ హాయి, అద్దె ఇంటికోసం పోయినప్పుడు పేరు చెప్పేదాకా దొరికే మర్యాద లాంటిదే.

రెండోది మన పక్క రాష్ట్రపు రఘు దీక్షిత్ 2008లో తెచ్చిన తొలి ఆల్బం. కన్నడమూ హిందీ ఒకే గొంతులో పలుకుతాయి, నడుమ ఇంగ్లీషూ వస్తుంది. ఆ గొంతులో దమ్ముంది. అందులో రెండు పాటలు శిశునాళ షరీఫ్ (1819–1889) తత్వాలు. షరీఫ్ ముస్లిం, ఆయన గురువు గోవింద భట్టు బ్రాహ్మడు. ఒకటి హుక్కా పాట, అరుగు మీద కూర్చుని పాడుకోవాల్సింది. దాన్ని గెంతించారు. కుర్రకారు ఊగిపోతుంది, పొగ వెనకున్న తత్వం ఊదినట్టు ఎగిరిపోతుంది. రెండోది ఇంటి కప్పు కారుతున్నదనే పాట. ఇది నిలిచింది. (ఇల్లు నిజంగా కారేవాడికి అది తత్వమూ కాదు, వానాకాలం.)

అయితే షరీఫ్ తత్వాలతో ఆగిపోలేదు. మొహర్రం కోసం కర్బలా కథను కన్నడంలో రివాయత్ పదాలుగా కట్టాడు. ఆ ఆల్బంలో అవి లేవు. ఇది ఒక్క గాయకుడి తప్పని నేననను. 1990లో నాగాభరణ తీసిన షరీఫ్ సినిమాకు జాతీయ సమైక్యత పేరుమీద నర్గిస్‌దత్ అవార్డు ఇచ్చారు. మా కవికి ఎప్పుడూ ఆ తలుపులోంచే ప్రవేశం! గురువు బ్రాహ్మడన్న సంగతి అందరి నోటా ఉంటుంది, కర్బలా మీద ఏడ్చాడన్న సంగతి ఉండదు. సెక్యులర్ మిత్రులకు మా సామరస్యం కావాలి. మా దుఃఖం ఏ భాషలో ఉందో ఎప్పుడైనా అడిగారా?

ఆ దుఃఖం తెలుగులోనూ ఉంది. తెలంగాణలో ఒక్క ముస్లిం ఇల్లూ లేని ఊళ్లలో కూడా పీర్లు లేస్తాయి. అలాయి గుండం చుట్టూ తిరుగుతూ మాదిగలూ గొల్లలూ దూదేకులవాళ్లూ ఒకే గొంతుతో పాడతారు. హసన్ కొడుకు ఖాసిం ఆ పాటల్లో పెళ్లి బట్టల్లోనే యుద్ధానికి పోతాడు. ఉర్దూ మాట తెలుగు విభక్తి తగిలించుకుని వస్తుంది, ఎవరూ దాన్ని ప్రయోగమనరు. ఇప్పుడు ఈ పాటకు రెండు వైపులా దెబ్బే. వేదిక మీది వాళ్లకు ఇది మరీ మతం. మాలోనే కొందరికి ఇది దీన్‌లో లేని పని. పాడే ముసలివాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు.

అందుకే ఆ కచేరీ కూర్పులోనే నాకు లోపం కనబడుతుంది. జారుడు గిటారు మర్సియాలాగా ఒక్క స్వరాన్ని సాగదీసి ఏడవగలదు. అది మొదటి సగంలో మాటల్లేకుండా ఉండిపోతుంది. మాటలొచ్చే రెండో సగంలో గిటారు చేసేది తాళం కొట్టడమే. ఆ రెండు సగాల మధ్య గోడ తీసేసి, సాగే తీగ పక్కన ఒక పీర్ల పాటను పెట్టి చూడమనండి. డప్పు కూడా ఉండనివ్వండి. అప్పుడు శ్రోతలు చప్పట్లు కొడతారో, తల దించుకుంటారో నాకూ చూడాలని ఉంది.