ఎలుక ఎక్కడ తడబడుతుంది?

గుండ్రటి పెద్ద తొట్టి. అందులో అడుగు కనబడకుండా పాలు కలిపిన నీళ్ళు. నీటి మట్టానికి కాస్త కింద, పైకి తెలియకుండా ఒక చిన్న తిన్నె. ఎలుకను వదిలితే అటూ ఇటూ ఈది ఎప్పటికో ఆ తిన్నె ఎక్కుతుంది. మళ్ళీ మళ్ళీ వదిలితే, గదిలో కనిపించే గుర్తుల ఆధారంగా సూటిగా అక్కడికే ఈదుకుంటూ వెళ్తుంది. రిచర్డ్ మోరిస్ 1981లో ప్రచురించిన ఈ పరీక్ష జ్ఞాపకశక్తి పరిశోధనలో ఇప్పటికీ వాడుకలో ఉంది. తిన్నెను అవతలి పక్కకు మార్చినప్పుడు ఇందులో అసలు విషయం బయటపడుతుంది. అప్పుడు ఎలుక పాత చోటును వదులుకోవాలి, కొత్త చోటును నేర్చుకోవాలి.

1994లో డచ్, బెల్జియన్ పరిశోధకులు ఎఫ్‌ఎంఆర్1 అనే ఒకే ఒక్క జన్యువు పనిచేయని చిట్టెలుకలను తయారుచేశారు. అవి తిన్నె ఉన్న చోటును దాదాపు మామూలుగానే నేర్చుకున్నాయి. చోటు మార్చాకే వెనకబడ్డాయి. స్కూలుకు వెళ్ళే దారి మారితే తల్లడిల్లే బిడ్డను చూసిన తల్లికి ఈ మాట గుండెకు తగులుతుంది. అయినా తొందరపడకూడదు. ఎలుకకు ఆటిజం రాదు. ఆటిజాన్ని మనుషుల్లో మాట, చూపు, కలివిడితనం, ఆసక్తుల తీరు చూసి నిర్ధారిస్తారు, రక్తపరీక్షతో కాదు. పరిశోధకులు ఎలుకను అడిగేది అంతకంటే చాలా చిన్న ప్రశ్న: ఈ ఒక్క జన్యువు లేకపోతే మెదడులో ఏ పని చెడుతుంది?

ఎఫ్‌ఎంఆర్1ను ఎంచుకోవడానికి కారణం ఫ్రజైల్ ఎక్స్ అనే జన్యులోపం. ఒకే జన్యువు వల్ల ఆటిజం వచ్చే సందర్భాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఆ జన్యువులో మూడక్షరాల ముక్క ఒకటి వరసగా తిరిగి తిరిగి వస్తుంది. అది 200 సార్లు దాటితే జన్యువు మూతపడిపోతుంది, అది తయారుచేయాల్సిన ఎఫ్‌ఎంఆర్‌పీ అనే ప్రోటీన్ రాదు. ఈ సంగతి 1991లో తెలిసింది.

ఆ ప్రోటీన్ చేసే పని తెలుసుకోవాలంటే తొట్టి చాలదు, మెదడు లోపలికి వెళ్ళాలి. చిట్టెలుక మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌ను అర మిల్లీమీటరు కంటే పల్చటి పొరలుగా కోస్తారు. ఆక్సిజన్ అందే లవణ ద్రావణంలో ఉంచితే ఆ పొర గంటల తరబడి బతికే ఉంటుంది. ఒక సన్నటి ఎలక్ట్రోడుతో నాడీకణాలను ప్రేరేపించి, ఇంకోదానితో అవతలి కణాల జవాబు కొలుస్తారు. ఒక కణం ఇంకో కణానికి కబురందించే సంధిని సినాప్స్ అంటారు. సినాప్స్‌లు గట్టిపడటమే నేర్చుకోవడమని చాలామంది అనుకుంటారు. అవసరం లేనివి సడలడం కూడా నేర్చుకోవడంలో భాగమే. 2002లో కింబర్లీ హ్యూబర్, మార్క్ బేర్ బృందం ఇలాంటి పొరల్లో చూసిందేమిటంటే, ఎఫ్‌ఎంఆర్1 లేని చిట్టెలుకల్లో ఈ సడలింపు మోతాదు మించింది.

దానికి వాళ్ళు చెప్పిన కారణం ఇది. సినాప్స్ దగ్గర ఎంగ్లూఆర్5 అనే గ్రాహకం కదిలితే అక్కడికక్కడే కొత్త ప్రోటీన్లు తయారవుతాయి. ఆ తయారీని అదుపులో ఉంచేది ఎఫ్‌ఎంఆర్‌పీ. అది లేకపోతే తయారీ హద్దు దాటుతుంది. అలాంటప్పుడు గ్రాహకాన్నే తగ్గిస్తే? 2007లో గుల్ డోలెన్, బేర్ బృందం జన్యుమార్పిడితో ఎంగ్లూఆర్5ను సగానికి తగ్గించిన, ఎఫ్‌ఎంఆర్1 లేని చిట్టెలుకలను పుట్టించింది. చాలా లక్షణాలు సర్దుకున్నాయి. ఈ లోపంలో కనిపించే పెద్ద వృషణాలు మాత్రం మారలేదు. అన్నీ సర్దుకున్నాయని చెప్పుకోకుండా సర్దుకోనిదాన్ని కూడా రాసిపెట్టినందుకే ఈ పని మీద నాకు గౌరవం.

నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే విలువైన పాఠం 2011లో వచ్చింది. ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే మరో జన్యువ్యాధిలోనూ చాలామందికి ఆటిజం ఉంటుంది. దానికి సంబంధించిన టీఎస్‌సీ2 జన్యువు ఒక ప్రతి చెడిన చిట్టెలుకల్లో అదే సడలింపును కొలిస్తే, అది మామూలుకంటే తక్కువగా ఉంది, అంటే సరిగ్గా తలకిందులు. అయినా రెండు రకాల చిట్టెలుకలూ ఒకే పరీక్షలో తప్పాయి. షాక్ తగిలిన పెట్టెకూ, తగలని పెట్టెకూ తేడా గుర్తుపెట్టుకోలేకపోయాయి. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా కూర చెడుతుంది, తినేవాడి ముఖం మాత్రం ఒకేలా మారుతుంది. ఆ రెండు లోపాలూ కలిపి పుట్టించిన చిట్టెలుకల్లో సడలింపు సమపాళ్ళకు వచ్చింది, పెట్టెల తేడా కూడా తెలిసింది. ఒకరికి తగ్గించే మందు మరొకరికి పెంచాల్సిన చోట పనిచేస్తుందని ఎలా అనుకుంటాం? ‘ఆటిజానికి మందు’ అనే మాటలోని లోపం ఇక్కడే కనబడుతుంది.

అదే మెదడులో ఇంకో మూలకు వెళ్తే లెక్క మళ్ళీ మారుతుంది. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ పరిశోధన సంస్థలో సుమంత్ర చటర్జీ బృందం భయాన్ని నేర్చుకునే అమిగ్డలాను పరిశీలించింది. ఎఫ్‌ఎంఆర్1 లేని చిట్టెలుకల్లో అక్కడ సినాప్స్‌లు గట్టిపడాల్సినంత గట్టిపడటం లేదని 2010లో తేల్చింది.

తర్వాత మనుషుల వంతు వచ్చింది. ఎంగ్లూఆర్5ను అడ్డుకునే మావోగ్లురాంట్‌ను ఫ్రజైల్ ఎక్స్ ఉన్న పెద్దవాళ్ళకూ, కౌమారంలో ఉన్నవాళ్ళకూ ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే వారి ప్రవర్తనలో మెరుగు కనిపించలేదు. 2014లో ఔషధ సంస్థ నోవార్టిస్ ఆ ప్రయత్నం మానుకుంది. ఎన్నో కుటుంబాల ఆశ కూలింది. దీన్ని చూపి ఎలుక పరిశోధనే దండగ అన్నవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. పొరలో కొలిచింది సినాప్స్‌నైతే మనుషుల్లో కొలిచింది సంరక్షకులు నింపిన ప్రశ్నావళిని. మందు ఇచ్చిన వయసులో తేడా కూడా చిన్నది కాదు.

ఆ వయసు ప్రశ్నను ఎడిన్‌బరో పరిశోధకులు, చటర్జీ కూడా భాగస్వామిగా, ఈసారి చిట్టెలుకల్లో కాకుండా ఎఫ్‌ఎంఆర్1 లేని ఎలుకల్లో పరీక్షించారు. ఐదు వారాల వయసు నుంచి తొమ్మిది వారాల దాకా మేతలో లోవాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు కలిపారు. ఏ వస్తువు ఏ గదిలో ఎక్కడ ఉందో కలిపి గుర్తుపెట్టుకోలేని లోపం ఆ ఎలుకల్లో రాలేదు. మందు ఆపిన మూడు నెలల తర్వాత కూడా రాలేదు. ఇది 2019లో ప్రచురితమైంది. కానీ 2020లో వెలువడిన మరో అధ్యయనంలో ఫ్రజైల్ ఎక్స్ ఉన్న 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు అదే మందు ఇస్తే అదనపు మేలు కనిపించలేదు. ఆ అధ్యయనంలో రెండు గుంపుల పిల్లలకూ తల్లిదండ్రులే ఇంట్లో భాషా శిక్షణ ఇచ్చారు. మందు వేసుకున్నవారూ, వేసుకోనివారూ మాటలో ముందుకు వచ్చారు.

ఈ పనిలో ప్రాణాలు పోతాయి. మెదడు పొర కోయాలంటే జంతువును చంపాలి. మనదేశంలో ప్రతి సంస్థలోనూ జంతు నైతిక సంఘం అనుమతి ఉండాలన్న నియమం అందుకే ఉంది. కొద్దిపాటి జంతువులతో, ఏది ఏ గుంపో ముందే తెలిసి కొలిచిన ప్రయోగం ఆ ప్రాణాన్ని వృథా చేసినట్టే.

బిడ్డకు ఆటిజంతోపాటు చదువులో వెనకబాటు ఉంటే ఫ్రజైల్ ఎక్స్ పరీక్ష గురించి డాక్టరును అడగండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. స్టెమ్ సెల్స్‌తో ఆటిజం నయం చేస్తామని ఎవరైనా లక్షలు అడిగితే ఇవ్వకండి, 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ దాన్ని చికిత్సగా సిఫారసు చేయలేమని చెప్పింది. ‘ల్యాబులో నిరూపించాం’ అంటే, ఎలుకలోనా, పిల్లల్లోనా, ఏ వయసులో, దేన్ని కొలిచారని అడగండి. బిడ్డతో రోజూ మాట్లాడే ఆ శిక్షణను మాత్రం ఏ మందు కోసమూ ఆపకండి.