ఆగడానికి పెట్టిన సీటు

సూర్యాపేటలో ఏ సైకిల్ షాపుకు పోయినా సీటు సరిచేసే ముందు మెకానిక్ అడిగేది ఒకటే: "కాలు ఆనుతుందా సార్?" ఆనుతుందనగానే బోల్టు బిగించి స్పానరు పక్కన పడేస్తాడు. తప్పేం లేదు. ఆటోలు, బండ్లు, అడ్డం వచ్చే బర్రెల నడుమ నిమిషానికోసారి కాలు కింద పెట్టేవాళ్లకు ఆ ఎత్తు చాలు. కాకపోతే అది ఆగడానికి పెట్టిన సీటు, కోదాడ దాకా పోవడానికి పెట్టింది కాదు.

కాలు ఆనదేమోనన్న ఈ భయం ఎక్కడిదో నాకు తెలుసు. మా ఈడువాళ్లం నేర్చుకున్నది పెద్దవాళ్ల 22 అంగుళాల సైకిళ్ల మీద. మొదట కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కుడు, తర్వాత కడ్డీ మీద, ఆఖరికి సీటు. అప్పట్లో నేల అందక పడ్డ కసి అంతా సొంత సైకిలు కొన్నాక సీటు దించి తీర్చుకుంటున్నాం.

కానీ దూరం పోయేటప్పుడు ఆ సీటు పనికిరాదు. సూర్యాపేట నుంచి హైవే మీద కోదాడ, అక్కణ్నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ, మళ్లీ సూర్యాపేట. ఈ చుట్టు 150 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. గంటకు 15 చొప్పున పది గంటలు. నిమిషానికి 60 సార్లు పెడల్ తిరిగినా ఒక్కో మోకాలు 36,000 సార్లు ముడుచుకుని చాచుకోవాలి. సీటు అంగుళం తగ్గితే ఊళ్లో తెలియదు. దూరం పోయేకొద్దీ మోకాలిచిప్ప ముందువైపు సలుపుతుంది. మరీ లేపితే నొప్పి మోకాలి వెనక్కి పోతుంది, పెడల్ అందుకోవడానికి నడుము అటూ ఇటూ ఊగుతుంది, తొడలు ఒరుసుకుపోతాయి. ఆ ఊగుడు మనకంటే వెనక వచ్చేవాడికి ముందు కనబడుతుంది కాబట్టి తోడు ఒకరుంటే మేలు.

సీటు ఎత్తుకు లెక్కలు లేకపోలేదు. గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య అట్ట పుస్తకం పైకి అదిమి పట్టి, దాని పై అంచు నుంచి నేల దాకా కొలవాలి. అది 80 సెంటీమీటర్లయితే, కిందికి దిగిన పెడల్ నుంచి సీటు పైభాగం దాకా అందులో 109 శాతం, అంటే 87.2 సెంటీమీటర్లు ఉండాలి. 1967లో హామ్లీ, థామస్ అనే పరిశోధకులు తేల్చిన లెక్క ఇది. అయితే వాళ్లు చూసింది కొద్దిసేపు శక్తికొద్దీ తొక్కితే ఎంత బలం వస్తుందని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తొక్కేవాళ్ల హాయి గురించి కాదు. అందుకే నేను ఆ అంకెను మొదలుపెట్టే చోటుగానే చూస్తాను. పైగా మన పాత సైకిళ్ల స్ప్రింగు సీటు మనిషి కూర్చోగానే కుంగుతుంది. ఖాళీ సీటును కొలిస్తే లాభం లేదు.

టేపు లేనప్పుడు మడమే కొలత. గోడ పట్టుకుని సీటెక్కి, అట్టడుగున ఉన్న పెడల్ మీద మడమ పెడితే మోకాలు నిటారుగా రావాలి, నడుము పక్కకు ఒరగకూడదు. తర్వాత పాదం ముందుభాగం పెడితే మోకాలు కాస్త వంగి ఉంటుంది. ఏ చెప్పులతో తొక్కుతారో అవే వేసుకుని చూడాలి. చెప్పు అడుగు మందం కూడా ఎత్తులో భాగమే. అక్కడి నుంచి మార్పు ఏదైనా ఒకసారికి అర సెంటీమీటరు మించొద్దు. మరి ఆగేదెలా అంటారా? సీటు మీద కూర్చునే కాలు దింపనక్కర్లేదు. బ్రేకు పట్టి, ఒక పెడల్ మీద బరువు వేసి, సీటు ముందుకు జారి రెండో కాలు దించాలి.

సీటు అసలు పరీక్ష హైవే మీద కాదు. అక్కడ ఫ్లైఓవర్ వస్తే లేచి నిలబడి తొక్కుతాం, ఒంటికి ఊరట దొరుకుతుంది. హుజూర్‌నగర్ దాటాక సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, ఇరువైపులా వరి, చదునైన రోడ్డు. లేవాల్సిన పనే పడదు. కోతల కాలంలో వడ్లు ఆరబోసినచోట పక్కకు తప్పుకోవడమే మార్పు. మైలుకోసారి కావాలనే లేచి నిలబడే అలవాటు నాకు ఆ రోడ్డు మీదే వచ్చింది.

ఇంకోటి, సీటు రాడ్‌కు ఏడాదికోసారి గ్రీజు పెట్టండి. తుప్పు పట్టి ఫ్రేములో ఇరుక్కుంటే ఈ కొలతలేవీ పనికిరావు. అలా ఇరుక్కున్న రాడ్‌ను మిర్యాలగూడలో ఒక మెకానిక్ తీయగా చూశాను. సుత్తి ముట్టుకోలేదు. కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేశాడు. తెల్లారి సీటు రెండు చేతులా పట్టుకుని అటింత ఇటింత తిప్పుతూ పైకి లాగాడు. గ్రీజు పూసి మళ్లీ దించుతూ, కొత్త ఎత్తు దగ్గర నల్ల టేపు ఒక చుట్టు చుట్టాడు.