‘అసమర్థుని జీవయాత్ర’లో వారసత్వం, పితృత్వం

త్రిపురనేని గోపీచంద్ (1910–1962) రచించిన ‘అసమర్థుని జీవయాత్ర’ను తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా విమర్శకులు పరిగణిస్తారు. అందువల్ల చర్చ అధికంగా సీతారామారావు అంతస్సంఘర్షణ చుట్టూ సాగింది. అతని ఇంటివైపు నుంచి చూస్తే నవల మరొక అర్థాన్నిస్తుంది. వంశప్రతిష్ఠ నిలపాలన్న తండ్రి ఆకాంక్ష అతనికి ఆస్తితోపాటు సంక్రమించింది. ఆస్తి కరిగిపోయింది, ఆకాంక్ష మాత్రం ప్రేతంలా వెంటాడింది. అతని ఔదార్యం బంధువులకు దక్కగా, దాని మూల్యాన్ని భార్య ఇందిర, బిడ్డ చెల్లించారు. తండ్రి మాటకు కట్టుబడిన కొడుకు తన బిడ్డకు తండ్రి కాలేకపోయాడు. గతించినవారి పట్ల విధేయత బతికున్నవారి పట్ల బాధ్యతను మింగివేసింది గనుక, కథ శ్మశానంలో ముగియడం సహజ పరిణామమే. ఈ ‘అసమర్థత’ను వ్యక్తి మనోదౌర్బల్యంగానే గాక, ప్రతిష్ఠను ఆస్తిగా అప్పగించే కుటుంబవ్యవస్థ వైఫల్యంగానూ పరిశీలించవలసి ఉంది.