చూపుకు అందని కూటమి: నహుషోపాఖ్యానంలో శచీదేవి రాజనీతి

వ్యాససంగ్రహం: ఉద్యోగపర్వంలో శల్యుడు ధర్మరాజుకు చెప్పిన నహుషోపాఖ్యానాన్ని పాతివ్రత్య కథగానో, గర్వభంగ కథగానో చదవడం పరిపాటి. భర్త, రాజ్యం, ఇల్లు మూడూ దూరమైన ఒక రాణి మిత్రులను కూడగట్టిన వృత్తాంతంగా దీన్ని చదవడానికి ఈ వ్యాసం ప్రయత్నిస్తుంది. శల్యుడు ధర్మరాజుకు ఈ కథనే ఎందుకు చెప్పాడన్న ప్రశ్నకు కూడా ఆ పఠనంలోనే సమాధానం దొరుకుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శచీదేవి, నహుషుడు, ఉద్యోగపర్వం, శల్యుడు, తేజోవధ, ఉపశ్రుతి.

ప్రవేశిక

సింహాసనం పోగొట్టుకుని పరాయి పంచన తలదాచుకున్న రాణి, అలౌకిక శక్తితో లోకాలను గుప్పిట పట్టిన పాలకుడికి వ్యతిరేకంగా ఒక్కొక్క మిత్రుణ్ణి కూడగట్టుకోవడం నేటి ఫాంటసీ నవలల్లో, ధారావాహికల్లో బాగా నలిగిన ఇతివృత్తం. దీన్ని పాశ్చాత్య కల్పనాసాహిత్యం సొత్తుగా భావించే విద్యార్థులు తరగతి గదిలో తరచుగా తారసపడుతుంటారు. ఈ ఇతివృత్తం సర్వాంగాలతో మహాభారతంలోనే ఉంది. భండార్కర్ సంస్థ సంశోధిత ప్రతిలో ఉద్యోగపర్వం 9 నుంచి 18 అధ్యాయాల వరకు విస్తరించిన ఇంద్ర, వృత్ర, నహుష కథ అది. తిక్కన ఉద్యోగపర్వం ప్రథమాశ్వాసంలో ఈ కథ ఉన్నప్పటికీ, మన చర్చలు సాధారణంగా రాయబార ఘట్టాల దగ్గరే ఆగిపోవడం వల్ల దీనికి దక్కవలసిన శ్రద్ధ దక్కలేదనిపిస్తుంది. కథాక్రమానికి సంబంధించినంతవరకు ఈ వ్యాసంలో సంస్కృత మూలాన్నే ప్రాతిపదికగా తీసుకున్నాను.

కథాసన్నివేశం గమనార్హమైనది. ఉద్యోగపర్వారంభంలో ఉభయపక్షాలూ మిత్రబలాన్ని సమీకరించుకుంటున్నాయి. నకులసహదేవుల మేనమామ శల్యుడు పాండవుల కోసం సేనతో బయలుదేరాడు. దారిపొడవునా దుర్యోధనుడు రహస్యంగా చేయించిన సత్కారాలకు మురిసి, అవి ధర్మరాజు చేయించినవే అనుకుని వరమిచ్చి, కౌరవపక్షానికి కట్టుబడిపోయాడు. ఆ సంగతి చెప్పుకోవడానికి ధర్మరాజు దగ్గరకు వచ్చిన శల్యుడే ఈ కథకుడు. అంటే మిత్రసమీకరణలో మోసపోయినవాడు మిత్రసమీకరణ కథ చెబుతున్నాడు.

చూపు అనే ఆయుధం

త్రిశిరుణ్ణి చంపిన బ్రహ్మహత్య, వృత్రుణ్ణి సంధి మాటున చంపిన అసత్యదోషం వెంటాడగా ఇంద్రుడు లోకాల అంచుకు పారిపోయి నీటిలో దాగాడు. రాజు లేని స్వర్గానికి దేవతలు, ఋషులు కలిసి భూలోకరాజైన నహుషుణ్ణి ఎన్నుకున్నారు. తాను దుర్బలుడనని నహుషుడు మొదట వెనుకాడాడు. అప్పుడు వారు తమ తపస్సును ధారపోసి ఒక వరమిచ్చారు. దేవ, దానవ, యక్ష, ఋషి, రాక్షస, పితృ, గంధర్వాది భూతాలలో ఎవరు అతని కంట పడినా వారి తేజస్సు అతనికి సంక్రమిస్తుంది. భోగలాలసుడైన నహుషుడు ఒకనాడు శచీదేవిని చూసి, ఇంద్రపదవి తనదైనప్పుడు ఇంద్రుడి రాణి తనను ఎందుకు సేవించదని అడిగాడు.

ఈ వరాన్ని కేవలం కథాలంకారంగా భావించి దాటిపోతే కథ నిర్మాణం అర్థం కాదు. నహుషుడు రాక్షసుడు కాడు, తపస్సు చేసి వరం పొందినవాడూ కాడు. అతని శక్తి ఇతరులు ఇచ్చినది. ఇచ్చినవారినే అది ముందుగా హరిస్తుంది. ఎదురుగా నిలిచిన ప్రతివాడూ ఆ క్షణంలోనే బలహీనుడవుతాడు కాబట్టి, ఇటువంటి పాలకుడికి వ్యతిరేకంగా బహిరంగ సభ, సైన్యం, ద్వంద్వయుద్ధం ఏవీ పనిచేయవు. దిక్పాలకులతో మాట్లాడుతూ ఇంద్రుడు కూడా నహుషుణ్ణి భయంకరమైన చూపు గల శత్రువుగానే పేర్కొంటాడు. కనుక అతన్ని కూలదోసే కూటమి కంటికి కనిపించనిదై ఉండాలి.

ఈ కోణంలో చూస్తే శచి చుట్టూ చేరినవారంతా దాగినవారో, రూపం మార్చినవారో కావడం యాదృచ్ఛికం అనిపించదు. శచి బృహస్పతి ఇంట దాగింది. ఇంద్రుడు తామరతూడులో దాగాడు. శచికి దారి చూపిన ఉపశ్రుతి రాత్రి వేళ ఉపాసించగా వచ్చిన దేవత, పేరులోనే వినికిడి ఉన్న దేవత. ఇంద్రుణ్ణి వెతకడానికి అగ్ని అద్భుతమైన స్త్రీ వేషం ధరించి అంతర్ధానమయ్యాడు. ఆనుశాసనికపర్వంలో భీష్ముడు ఇదే పతనాన్ని మరో విధంగా చెబుతాడు. అక్కడ భృగువు నహుషుడి చూపు పడకుండా అగస్త్యుడి జటలలో దాగి శాపమిస్తాడు. రెండు కథనాల మధ్య ఎన్ని భేదాలున్నా ఈ ఒక్క తర్కం మాత్రం మారలేదు.

గడువు సంపాదించడం

శచికి దొరికిన మిత్రులలో మొదటి నుంచి చివరి దాకా నిలకడగా ఉన్నవాడు బృహస్పతి ఒక్కడే. నీకు వైధవ్యం లేదని పూర్వం మీరే చెప్పారు, ఆ మాట నిజం చేయండని ఆమె అతన్ని కోరుతుంది. ఇది దీనాలాపంగా కనిపించే గట్టి వాదం. ఆమె దయను కాక, గురువు సత్యవాక్కును పూచీగా అడిగింది.

దేవతల సంగతి వేరు. నహుషుడి కోపానికి భయపడి వారు బృహస్పతి దగ్గరకు వెళ్లి శచిని అప్పగించమన్నారు. అంతకుముందు వారు నచ్చజెప్పబోతే నహుషుడు వేసిన ఎదురు ప్రశ్న ఈ కథలోకెల్లా పదునైనది. ఇంద్రుడు అహల్యను చెరిచిననాడు మీరెందుకు అడ్డుకోలేదని అతను అడిగాడు. దేవతల దగ్గర దీనికి జవాబు లేదు. కవి కూడా జవాబు సమకూర్చలేదు. శచి ఏ ధర్మాన్ని ఆశ్రయించి పోరాడుతున్నదో ఆ ధర్మాన్ని ఆమె పక్షం వారే పాటించలేదని ప్రతినాయకుడి నోట చెప్పించి, ఆ మాటను అలాగే వదిలేయడం వ్యాసభారతానికి అలవాటైన నిర్దాక్షిణ్యం. శచి తిరిగి నిలబెట్టబోయేది మచ్చలేని పాలనను కాదు.

శరణు కోరినవారిని విడువనని బృహస్పతి తెగేసి చెప్పిన తరువాత గాని దేవతలు ఉపాయం అడగలేదు. అతను చెప్పిన ఉపాయం చిన్నది: నహుషుణ్ణి గడువు అడగాలి, కాలం అనేక విఘ్నాలను తెస్తుంది. ఆ గడువు అడగడానికి స్వయంగా వెళ్లవలసినది మాత్రం శచి. ఎవరి చూపు నుంచి పారిపోయి వచ్చిందో ఆ చూపు ముందుకే ఆమె వెళ్లింది. ఇంద్రుడు ఏమయ్యాడో తెలియదు, విచారించిన తరువాత కూడా తెలియకపోతే నిన్ను సేవిస్తానని చెప్పి సమయం సంపాదించింది. సైన్యమూ ధనమూ లేనివారికి మిగిలే రాజకీయ సాధనం కాలమే. ఈ ఘట్టాన్ని సిగ్గుతో, భయంతో వణికిన ఒక పతివ్రత చిత్రంగా మాత్రమే వ్యాఖ్యానించడం వల్ల మనం ఇందులోని రాజనీతిని పోగొట్టుకుంటున్నాం.

ఈ గడువులోనే దేవతలు విష్ణువు సలహాతో అశ్వమేధం చేయించి ఇంద్రుణ్ణి పాపవిముక్తుణ్ణి చేశారు. అయితే శుద్ధి ధైర్యాన్ని ఇవ్వలేదు. నహుషుడి అప్రతిహత తేజస్సును చూసి ఇంద్రుడు మళ్లీ అదృశ్యమయ్యాడు. దేవతల ప్రయత్నం ఇక్కడితో విఫలమైంది. ఆ తరువాత కథను నడిపింది శచి ఒక్కతే. రాత్రిదేవిని ఉపాసించి, ఉపశ్రుతి వెంట హిమవంతం దాటి, ఉత్తరసముద్రంలోని ద్వీపానికి చేరి, అక్కడి సరస్సులో తామరతూడును చీల్చి లోపల సూక్ష్మరూపంలో ఉన్న ఇంద్రుణ్ణి కనుగొంది.

వాహనం

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజం. ఋషులు మోసే వాహనంపై రమ్మని నహుషుణ్ణి కోరాలన్న ఉపాయం ఇంద్రుడిదే కదా, శచి దూతిక మాత్రమే కదా అని అనవచ్చు. ఉపాయం ఇంద్రుడిదన్న మాట వాస్తవం. ఇది పరాక్రమానికి సమయం కాదని చెప్పి, రహస్యంగా వెళ్లి ఈ కోరిక కోరమని అతను ఆమెను పంపాడు. కాని ఇంద్రుడు ఇచ్చినది ఒక వాక్యం. నహుషుడి ఎదుట ఆమె పలికినది ఒక ప్రసంగం. గుర్రాలు, ఏనుగులు, రథాలు ఇంద్రుడికీ ఉండేవి. విష్ణువుకు గాని, రుద్రుడికి గాని, అసురరాక్షసులకు గాని లేని అపూర్వవాహనం నీకు ఉండాలని నా కోరిక అన్నది. దేవాసురులతో నీవు సమానుడివి కారాదు, చూసినంతనే అందరి తేజస్సును హరించే నీ ఎదుట నిలిచేవాడు లేడు అన్నది.

ఈ చివరి మాటను ఇంద్రుడు నేర్పలేదు. నహుషుడి బలమేదో దాన్నే ఆమె ఎరగా వేసింది. తన చూపు మీద అతనికి ఉన్న నమ్మకమే అతన్ని ఋషుల భుజాల మీదికి ఎక్కించింది. చూపుతో అజేయుడైనవాడు చివరికి కాలి వల్ల పతనమయ్యాడు. గోప్రోక్షణ మంత్రాల ప్రామాణ్యం గురించి ఋషులతో వాదిస్తూ అగస్త్యుడి తలను పాదంతో తాకి, శాపగ్రస్తుడై, పదివేల ఏళ్లు సర్పంగా పడి ఉండవలసి వచ్చింది. ఆనుశాసనిక కథనంలో ఋషులను వాహనం చేసుకోవడం నహుషుడి స్వయంకృతమైన గర్వకార్యం. శచి వ్యూహం అక్కడ కానరాదు. ఆమెను తొలగిస్తే ఇది కేవలం బ్రాహ్మణావమాన ఫలాన్ని బోధించే కథ అవుతుంది. ఉద్యోగపర్వంలోనూ ఆ బోధ ఉన్నమాట నిజమే. అయినా ఇక్కడ దానికి ముందు ఒక స్త్రీ ఆలోచన నడిచింది.

పంపకాలు

నహుషుడి పతనవార్త చేరకముందు జరిగిన సంభాషణను విమర్శకులు మరింత శ్రద్ధగా చదవవలసి ఉంది. గడువు ముగియవచ్చిందని శచి తొందరపెట్టగా బృహస్పతి అగ్నిని పంపాడు. నీటిలో ప్రవేశిస్తే నశిస్తానని అగ్ని మొదట సంకోచించాడు. చివరికి అతను ఇంద్రుడి జాడ చెప్పాక యమ, వరుణ, కుబేరులు, సోముడు వచ్చి చేరారు. వచ్చినవారు వెంటనే బేరం పెట్టారు: నహుషుణ్ణి జయిస్తే మాకూ భాగం కావాలన్నారు. వరుణుడికి జలాధిపత్యం, యమకుబేరులకు అభిషేకం దక్కాయి. నాకూ ఇవ్వమన్న అగ్నికి యజ్ఞంలో ఇంద్రుడితో కలిసి భాగం దక్కింది. ఇంతా చేసి వీరెవరూ యుద్ధం చేయలేదు. మాటలు ముగియకముందే అగస్త్యుడు వచ్చి శత్రువు పడిపోయాడని చెప్పాడు.

ఈ పంపకంలో శచికి భాగం లేదు. ఆమె తిరిగి ఇంద్రుణ్ణి చేరుకున్నదన్న మాటతో కవి తృప్తిపడ్డాడు. దీనికి కొంచెం ముందు జరిగిన మరో పంపకాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. అశ్వమేధానంతరం ఇంద్రుడి బ్రహ్మహత్యను చెట్లకు, నదులకు, పర్వతాలకు, భూమికి, స్త్రీలకు పంచారు. పాపంలో స్త్రీజాతికి వాటా ఉంది, విజయంలో ఆ విజయాన్ని సాధించిన స్త్రీకి వాటా లేదు. ఈ రెండు పంపకాలూ ఒకే ఉపాఖ్యానంలో, కొద్ది అధ్యాయాల ఎడంలో ఉన్నా వీటిని కలిపి చదివే అలవాటు మనకు లేదు. కవి దీన్ని ఉద్దేశించాడా అన్నది వేరే ప్రశ్న. పాఠంలో ఉన్నదాన్ని లేదనలేం.

శల్యుడి ఎంపిక

శల్యుడు ఈ కథను ఓదార్పుగా మొదలుపెట్టాడు. జటాసురుడి వల్ల, కీచకుడి వల్ల ద్రౌపది పడిన క్లేశాన్ని ప్రస్తావించి, ఇంద్రుడంతటివాడు కూడా భార్యతో కలిసి దుఃఖం అనుభవించాడన్నాడు. ముగింపులో ఇంద్రుడు దాగి ఉండటాన్ని అజ్ఞాతవాసమనే అన్నాడు. ధర్మరాజుకు ఇంద్రుడు, ద్రౌపదికి శచి, దుర్యోధనుడికి నహుషుడు అన్న సామ్యం స్పష్టంగానే ఉంది. ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. నహుషుడు ఉభయపక్షాలకూ పూర్వీకుడు. పైగా ఆరణ్యపర్వంలో కొండచిలువగా భీముణ్ణి చుట్టేసిన ఆ నహుషుడి ప్రశ్నలకు జవాబులిచ్చి అతనికి శాపవిమోచనం కలిగించినవాడు ధర్మరాజే. తాను స్వయంగా ఎరిగినవాడి కథనే అతను మళ్లీ వింటున్నాడు.

మరి కొత్తగా తెలుసుకున్నదేమిటి? కథకు ముందు ధర్మరాజు శల్యుణ్ణి ఒక కోరిక కోరాడు: కర్ణార్జునుల యుద్ధంలో నీవు కర్ణుడికి సారథివవుతావు, అప్పుడు అతని తేజోవధ చేయాలి. అది చేయదగని పనే అయినా చేయమన్నాడు. శల్యుడు ఒప్పుకున్నాడు. ఆ వెంటనే అతను ఎంచుకున్న కథలో, తేజస్సును హరించే పాలకుణ్ణి ఎదురు నిలిచి ఎవరూ గెలవలేరు. అతను ఎక్కిన వాహనమే, ఆ వాహనాన్ని మోసినవారే అతన్ని పడగొట్టారు. శత్రువు పక్కన నిలిచి మాటతో పని సాధించడం శచి పద్ధతి. శత్రువు రథం మీద కూర్చుని మాటతో పని సాధించడం శల్యుడికి అప్పగించిన బాధ్యత. ఓదార్పు కథ పేరిట అతను తన భావికార్యానికి పూర్వోదాహరణను చెప్పుకుంటున్నాడని నా అభిప్రాయం. ఓదార్పే ఉద్దేశమైతే నలదమయంతుల ప్రస్తావన అతని మాటల్లో అప్పటికే వచ్చింది, అది సరిపోయేది.

శల్యుడు ఈ ఉపాఖ్యానానికి శక్రవిజయమని పేరు పెట్టి, సేనలు మోహరించినప్పుడు జయం కోరే రాజు దీన్ని వినాలని ఫలశ్రుతి కూడా చెప్పాడు. ఇంద్రుడు ఆయుధమెత్తని కథకు ఇంద్రుడి విజయమని పేరు. అయితే విన్నవాడు పేరును బట్టి కథను అర్థం చేసుకోలేదు. కథ ముగియగానే ధర్మరాజు ఇంద్రుడి గురించి గాని, స్వర్గం గురించి గాని ఒక్క మాట అనలేదు. నీవు నిస్సందేహంగా కర్ణుడికి సారథివవుతావు, అక్కడ కర్ణుడి తేజోవధ చేయాలన్న పాత కోరికనే మళ్లీ కోరాడు.